గుడ్డ మాస్కా, సర్జికలా, ఎన్95ఆ: మనకు మనం పెట్టుకుంటే ఏది మేలు?

అమ్మ చెకప్ కోసం అనంతపురం నుంచి మారతహళ్లిలోని మా ఇంటికి వచ్చింది. ఆసుపత్రికి బయల్దేరుతూ సంచిలోంచి గుడ్డ మాస్కు తీసింది. 2020లో మా వీధి టైలరు మిగిలిన జాకెట్టు గుడ్డతో కుట్టిచ్చినది. ఉతికి ఉతికి ఎంత పల్చబడిందంటే, వెలుతురుకు పెడితే వెనక నా వేళ్లు కనిపిస్తున్నాయి. "రెండు పొరలుంది నాయనా, ఇది చాలు" అంది. నేను ఎన్95 చేతిలో పెట్టాను. క్యాబ్ కె.ఆర్.పురం దాటకముందే అది గడ్డం కిందికి దిగింది. "ఊపిరాడ్డం లేదు."

గడ్డం కింది ఎన్95 కన్నా ముక్కు మీది గుడ్డ నయమా? ఆ రోజంతా నా బుర్రలో ఇదే.

గుడ్డ సంగతి ముందే తేల్చేస్తాను. మనం దగ్గితే మన తుంపర్లను కొంత ఆపుతుంది. గాల్లో తేలే సన్న కణాలు మన ముక్కులోకి రాకుండా ఆపమంటే మాత్రం దాని వల్ల కాదు. వియత్నాం ఆసుపత్రుల సిబ్బందితో చేసిన ఒక అధ్యయనం 2015లో వచ్చింది. అందులో మెడికల్ (అంటే సర్జికల్) మాస్కుల వాళ్లకన్నా గుడ్డ మాస్కుల వాళ్లకే జ్వరాలు ఎక్కువ వచ్చాయి. పరీక్షలో ఆ గుడ్డలోంచి దాదాపు 97 శాతం కణాలు దూరిపోయాయి. మెడికల్ మాస్కులోంచీ 44 శాతం పోయాయనుకోండి.

ఎన్95 అంటే 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సైజు కణాల్లో కనీసం 95 శాతం ఆపాలని లెక్క. "వైరస్ 0.1 మైక్రానే కదా, దూరిపోదా?" అని మా ఆఫీసులో ప్రతి చలికాలం ఎవరో ఒకరు అడుగుతారు. మాస్కు జల్లెడ అనుకుంటేనే ఆ అనుమానం. పెద్ద కణాలు వంపు తిరగలేక పోగులకు కొట్టుకుంటాయి. మరీ చిన్నవి గాలి అణువులు తోస్తుంటే తూలుతూ పోయి పోగులకు అంటుకుంటాయి. పట్టుకోవడం అన్నిటికన్నా కష్టమైంది 0.3 దగ్గరి ఆ మధ్య సైజే, అందుకే పరీక్ష దానితో పెట్టారు. పైగా మధ్య పొరలో విద్యుదావేశం ఉంటుంది. పాత డబ్బా టీవీ తెర తుడిచిన గంటకే మళ్లీ దుమ్ము పట్టేది చూడండి, అలాంటి ఆకర్షణే. సబ్బు నీళ్లలో ముంచినా, శానిటైజర్ కొట్టినా అది పోతుంది. కాబట్టి ఉతక్కండి. నాలుగైదు కొనుక్కుని, రోజుకొకటి మార్చి, వాడినదాన్ని కాగితం కవర్లో ఆరనివ్వండి.

సర్జికల్ మాస్కుతో అసలు చిక్కు పక్కల్లో. మంచి రకంలో మధ్య పొర బాగానే ఉంటుంది. కానీ గాలి ఎప్పుడూ సులువైన దారే వెతుక్కుంటుంది, బుగ్గల పక్క సందులుంటే వడపోత దాకా ఎందుకెళ్తుంది? మీ కళ్లజోడు మసకబారుతోందా, అయితే పైనుంచి గాలి కారుతున్నట్టే. దీనికి పైసా ఖర్చులేని చిట్కా ఒకటుంది: మాస్కును పొడవుగా సగానికి మడిచి, చెవి తాళ్లను అంచుకు దగ్గరగా ముడేసి, పక్కన ఉబ్బిన మడతలు లోపలికి దోపేయడం. 2021లో అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ పరీక్షించి, కారడం బాగా తగ్గుతుందని చెప్పింది.

ల్యాబ్ సరే, జనంలో? బంగ్లాదేశ్‌లో 600 గ్రామాల్లో చూశారు. మాస్కులు పంచి, ప్రచారం చేస్తే సరిగ్గా పెట్టుకునేవాళ్లు 13 నుంచి 42 శాతానికే పెరిగారు. అయినా సర్జికల్ పంచిన ఊళ్లలో లక్షణాలతో వచ్చిన కోవిడ్ దాదాపు 11 శాతం తగ్గింది, అరవై దాటినవాళ్లలో ఇంకా ఎక్కువ. గుడ్డ మాస్కుతో తేడా స్పష్టంగా తేలలేదు. డెన్మార్క్‌లో సర్జికల్ మాస్కు ఇచ్చినవాళ్లలో 1.8 శాతానికి, ఇవ్వనివాళ్లలో 2.1 శాతానికి కోవిడ్ వచ్చింది. అంత చిన్న తేడాతో ఏమీ తేల్చలేం. ఇవి చూపించి "మాస్కులు దండగ" అనేవాళ్లున్నారు. నాకు మాత్రం ఇవి మాస్కు పంచితే ఏమవుతుందో చెప్పే లెక్కల్లా కనిపిస్తాయి. మొహానికి అతుక్కుని ఉన్న మాస్కు ఏం చేస్తుందన్నది వేరే ప్రశ్న.

అతుక్కోవడమే కష్టం. మాల వేసుకున్న ఏడాది పెరిగిన గడ్డం మీదే ఎన్95 బిగించి తిరిగాను, అదీ సరిగ్గా జలుబుల సీజన్‌లో. వెంట్రుకల మధ్యనుంచి గాలి ఎలా జారుతుందో తర్వాత తెలిసి నవ్వొచ్చింది. చెవులకు తగిలించే రకం కన్నా తలచుట్టూ రెండు పట్టీలున్నదే బాగా కూర్చుంటుంది. కవాటం (ఊపిరి బయటికి వదిలే వాల్వు) ఉన్నది పెట్టుకున్నవాళ్లను కాపాడుతుంది గానీ, వాళ్లు వదిలే గాలి వడపోత లేకుండా బయటికొస్తుంది. అందుకే 2020 జులైలో కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని వద్దంది. ఆసుపత్రికి అది అసలే వద్దు.

నా లెక్క ఇది. పార్కులో నడకకు ఏదీ అక్కర్లేదు. పొద్దున తొమ్మిదికి పర్పుల్ లైన్ మెట్రోలో ముడేసిన సర్జికల్‌తో సరిపెట్టుకుంటాను, ఎందుకంటే మెజెస్టిక్ దాకా తీయకుండా ఉంచుకోగలను. ఓపీ క్యూలో కూర్చునే అరవై దాటినవాళ్లకు ఎన్95కు సాటి లేదు, ఓర్చుకోగలిగితేనే.

అమ్మ రెండోసారి వచ్చేసరికి చిన్న సైజుది, తల పట్టీలున్నది తెచ్చాను. ఒక పట్టీ కొప్పు పైన, ఒకటి కింద. ముక్కు దగ్గర తీగ నొక్కి, చుట్టూ చెయ్యి పెట్టి చూశాను, ఎక్కడా గాలి తగల్లేదు. మూడు గంటలు ఉంచుకుంది. మధ్యలో కాఫీ కావాలంటే మాత్రం క్యాంటీన్‌కి తీసుకెళ్లలేదు, బయట చెట్టు కింద బెంచీ మీద కూర్చోబెట్టి కప్పు తెచ్చిచ్చాను.