జాంగో: ఆరేళ్లు వాడాక

2019లో గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో ఒక కమీషన్ ఏజెంట్‌కి జాంగో 2.2తో (పైథాన్‌లో వెబ్ అప్లికేషన్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) లెక్కల అప్లికేషన్ రాసిచ్చాను. ఇప్పటికీ దాని బాగోగులు నావే. జాంగోనే ఎందుకంటే అమీర్‌పేటలో నేర్చుకున్నది అదే కాబట్టి, అంతకుమించి పెద్ద ఆలోచనేం లేదు.

నచ్చింది ముందు చెప్తా: అడ్మిన్, అంటే సమాచారం ఎక్కించడానికి, మార్చడానికి జాంగో తనే తయారుచేసిచ్చే పేజీలు. జాంగో పుట్టింది అమెరికాలో, కాన్సాస్‌లోని ఒక పత్రికాఫీసులో. 2005లో బయటికి వదిలారు. ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా సమాచారం ఎక్కించుకోగలగాలన్న ఆ పత్రికాఫీసు అవసరం అడ్మిన్‌లో ఇప్పటికీ కనిపిస్తుంది. మోడల్స్ (ఏ సమాచారం ఎలా దాచాలో చెప్పే కోడ్) రాసి నాలుగు లైన్లు కలిపితే రైతుల జాబితా, బంతి చామంతి ధరలు, తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు), అన్నిటికీ పేజీలు వచ్చేశాయి. గుమాస్తా మొదటిరోజే అలవాటు పడ్డాడు.

ఆ అడ్మిన్‌లోనే నా కొంప మునిగింది కూడా. ఒకే రైతు పేరు రెండుసార్లు ఉందని గుమాస్తా ఒకటి డిలీట్ కొట్టాడు, దాంతో ఆ రైతు తక్‌పట్టీలన్నీ పోయాయి. ఏమేం పోతాయో చిట్టా చూపించి మరీ అడుగుతుంది జాంగో, కానీ బేరాల అరుపుల మధ్య అదెవరు చదువుతారు? తప్పు నాదే. రైతు పోతే పట్టీల సంగతేంటో మోడల్‌లో ఆన్‌డిలీట్ అనే చోట మనమే చెప్పాలి, 2.0 నుంచి అది రాయకపోతే కుదరదు. ఎక్కడో చూసిన కాస్కేడ్ (దాంతోపాటు అన్నీ తీసెయ్ అని) అలాగే దించేశా, ప్రొటెక్ట్ అని రాసుంటే డిలీటే అయ్యేది కాదు. రాత్రి తీసిన బ్యాకప్ ఉంది కాబట్టి సరిపోయింది, ఆ తెల్లవారుజామువి మాత్రం కాగితాలు చూసి మళ్లీ ఎక్కించాం.

ఇంకోటి తారీఖు గోల. "అన్నా, ఇయ్యాల్టి పట్టీల మీద నిన్నటి తారీఖు పడుతుంది" అని ఫోన్. సెట్టింగ్స్‌లో ఏషియా/కోల్‌కతా, అంటే మన భారత సమయమే పెట్టాను, అంతా బాగానే ఉంది. తీరా చూస్తే నేను తారీఖు తీసుకుంటున్నది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) టైమ్ నుంచి, అది మనకంటే ఐదున్నర గంటలు వెనక. పగలు నడిచే షాపైతే ఎప్పటికీ బయటపడేది కాదేమో, ఇక్కడ బేరాలు తెల్లవారుజామున నాలుగింటికే మొదలు, అప్పటికి యూటీసీలో ఇంకా నిన్నే! మన టైమ్ లెక్కన తారీఖిచ్చే లోకల్‌డేట్ వాడితే ఆ గోల పోయింది.

స్లో అంటారా, అదీ నా నిర్వాకమే. రెండొందల పట్టీలున్న పేజీకి 201 క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) వెళ్తున్నాయని, వాటిని లెక్కపెట్టి చూపించే డీబగ్ టూల్‌బార్ పెట్టాక గానీ తెలియలేదు, జాబితాకి ఒకటి పోను, ప్రతి వరుసలో రైతు పేరు కోసం విడిగా డేటాబేస్ దాకా వెళ్లొస్తోంది. సెలెక్ట్ రిలేటెడ్ అని ఒక్క మాట కలిపితే అన్నీ ఒకే క్వెరీలో వచ్చాయి.

అప్‌గ్రేడ్‌లకి ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే వెర్షన్) పట్టుకుని ఉండండి, మూడేళ్లు సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి. 3.2కి మారేటప్పుడు టెస్టులు (కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే చిన్న ప్రోగ్రాములు) లేక వారం నిద్ర లేదు. 4.2కి ఒక్క ఆదివారం చాలింది, ఈలోగా తక్‌పట్టీ లెక్కకి టెస్టులు రాసుకున్నా.

గుమాస్తా ఇప్పటికీ పట్టీ కాగితం మీద కూడా రాస్తాడు. నేనేం అనట్లేదు.