నడిసముద్రంలో సినిమాలు: ట్యాబ్, మెమరీ కార్డు, వీఎల్‌సీ దీర్ఘకాలం వాడిన తర్వాత

నేను సరకు రవాణా ఓడల్లో సెకండ్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. ఇల్లు విశాఖపట్నంలో. ఒకసారి ఓడ ఎక్కితే నెలల తరబడి నీళ్ల మీదే. మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు, మళ్లీ అర్ధరాత్రి 12 నుంచి 4 వరకు బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే గదిలో, వాచ్ డ్యూటీ. నిద్ర, కాగితాల పని పోగా మిగిలే గంటా రెండు గంటలకు నాకున్న తోడు ట్యాబ్‌లో ఎక్కించుకున్న సినిమాలే. 2022 తర్వాత ఓడల్లోకి స్టార్‌లింక్ వంటి ఉపగ్రహ ఇంటర్నెట్ వస్తున్న మాట నిజమే. కానీ నేను పనిచేసిన చోట మనిషికి ఇంత డేటా అని లెక్క కట్టి ఇస్తారు. దాన్ని ఇంటికి వీడియో కాల్ చేసుకోవడానికి దాచుకుంటామే తప్ప సినిమాలకు ఖర్చు పెట్టం.

అందుకే నెట్ తగలకుండా సినిమా చూడటం ఎలా అన్నది నాకు కాలక్షేపపు ప్రశ్న కాదు. ఏళ్ల తరబడి వాడి చూశాక తేల్చుకున్నది ముందే చెబుతాను: కార్డు పెట్టుకునే వీలున్న ట్యాబ్, సొంత ఫైళ్లు, వీఎల్‌సీ అనే ఉచిత వీడియో ప్లేయర్. ఈ మూడూ ఉంటే ఎక్కడైనా నిశ్చింతగా ఉండవచ్చు. వీటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది సొంత ఫైలు.

ఓటీటీ యాప్‌లలోని డౌన్‌లోడ్ సౌకర్యం గురించి చాలామంది అడుగుతారు. హైదరాబాద్ నుంచి విశాఖకు రైల్లో వెళ్లేవారికి, విమానం ఎక్కేవారికి అది చాలు. మాకు చాలదు. యాప్‌లో దింపుకున్న సినిమాకు గడువు ఉంటుంది. కొన్ని సినిమాలకైతే చూడటం మొదలుపెట్టిన 48 గంటల్లో పూర్తి చేయాలి. గడువు దాటితే మళ్లీ నెట్‌లోకి వెళ్లి అనుమతి తెచ్చుకోవాలి. యూట్యూబ్ ప్రీమియంలో దాచుకున్నవాటికీ నెలకొకసారైనా నెట్ తగలాలి. పైగా ఆ ఫైలు ఆ యాప్‌లో, ఆ పరికరంలో తప్ప మరెక్కడా తెరుచుకోదు. మెమరీ కార్డులోకి దింపుకున్నా అంతే. సింగపూర్ దాటి పసిఫిక్‌లోకి వెళ్లిన మూడో వారంలో ఒక్కో సినిమా పక్కన గడువు ముగిసిందన్న గుర్తు పడుతూ ఉంటే, చందా కట్టిన మనిషికి మనసు చివుక్కుమంటుంది. నెట్ లేనప్పుడు చూడటానికే కదా దింపుకున్నది!

ఇక నా సరంజామా. పది అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్, లోపలి నిల్వ 64 జీబీ. అందులో సిస్టమ్‌కు, యాప్‌లకు పోగా మిగిలేది సినిమాలకు ఏ మూలకూ రాదు. కాబట్టి బరువంతా 512 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు మీదే. కార్డు పెట్టగానే ట్యాబ్ ఒక ప్రశ్న అడగవచ్చు: దీన్ని లోపలి నిల్వలో భాగంగా వాడాలా, విడి నిల్వగా వాడాలా అని. విడి నిల్వ అనే చెప్పాలి. లోపలి నిల్వగా మారిస్తే ఆండ్రాయిడ్ ఆ కార్డును ఎన్‌క్రిప్ట్ చేసి ఆ ఒక్క ట్యాబ్‌కు ముడిపెడుతుంది. రేపు ట్యాబ్ పాడైతే కార్డు బాగానే ఉన్నా అందులోని సినిమాలు ఏ లాప్‌టాప్‌లోనూ కనిపించవు. కార్డు ఫార్మాట్ కూడా చూసుకోవాలి. పాత ఫ్యాట్32 పద్ధతిలో 4 జీబీకి మించిన ఫైలు పట్టదు. కాపీ మధ్యలో ఆగిపోతే చోటు లేదేమో అనుకుంటారు గాని అసలు కారణం అదే. దాని తర్వాత వచ్చిన ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఆ పేచీ లేదు.

కార్డు కొనేటప్పుడు ధర మరీ తక్కువగా కనిపిస్తే ఆగండి. మా ఓడలోని ఒక మిత్రుడు ఓడరేవు దగ్గర కొన్న కార్డు మీద 512 అని ఉంది, ట్యాబ్ కూడా 512 అనే చూపింది. కొంతవరకు ఎక్కించినవి బాగానే ఆడాయి. ఆ తర్వాతి ఫైళ్ల పేర్లు ఉన్నాయి, సైజు ఉంది, తెరిస్తే ఏమీ లేదు. నకిలీ కార్డుల తీరే అంత. లోపలి చిప్ చిన్నది, పెద్దదని అబద్ధం చెప్పేలా తయారుచేస్తారు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ కార్డు మొత్తాన్ని నింపి, తిరిగి చదివి, అసలు సామర్థ్యం ఎంతో తేలుస్తుంది. గంటలు పడుతుంది. అయినా కొత్త కార్డును ఆ పరీక్ష పెట్టనిదే నేను ఓడ ఎక్కను.

ఇప్పుడు అసలు పని, ఫైళ్ల తయారీ. నా దగ్గరున్న తెలుగు సినిమాల్లో ఎక్కువ భాగం నాన్నగారు కొన్న డిస్కులు. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ చౌక ధరలకు వీసీడీలు, డీవీడీలు తెచ్చినప్పుడు ఆయన పాత సినిమాలన్నీ వరసగా కొన్నారు. వాటిలో చాలావాటికి కాపీ తాళాలు లేవు కాబట్టి లాప్‌టాప్‌లోకి తీసుకోవడం తేలిక. వీసీడీ సినిమా రెండు మూడు డిస్కుల్లో డ్యాట్ ఫైళ్లుగా ఉంటుంది. వాటిని అలాగే కాపీ చేసుకోవాలి, మార్చకూడదు. బొమ్మ కొలత 352×288 మాత్రమే. దాన్ని మళ్లీ కుదిస్తే ఉన్న కాస్త స్పష్టతా పోతుంది. వీఎల్‌సీ ఆ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టే ఆడిస్తుంది.

డీవీడీలకు హ్యాండ్‌బ్రేక్ వాడతాను. డిస్కులోని సినిమాను కుదించి ఫైలుగా మార్చే ప్రోగ్రామ్ ఇది. ఉచితం, చాలా ఏళ్లుగా నమ్మకంగా పనిచేస్తోంది. ఇందులో ఆర్‌ఎఫ్ అనే అంకె ఒకటి ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ బొమ్మ నాణ్యత పెరుగుతుంది, సైజూ పెరుగుతుంది. డీవీడీకి 18 నుంచి 22, 1080 పీ (బొమ్మ ఎత్తు 1080 చుక్కలు) ఫైలుకు 20 నుంచి 24 అని దాన్ని తయారుచేసినవారే సూచిస్తారు. నేను డీవీడీకి 20 దగ్గర ఉంచుతాను. డీవీడీ బొమ్మను 720 పీకి సాగదీయడం వృథా శ్రమ. లేని వివరం కొత్తగా పుట్టదు, సైజు మాత్రం పెరుగుతుంది.

పాత డీవీడీల్లో ఒక చిక్కుంది. పాటలో నాయిక చేయి విసిరినా, గుర్రం పరుగెత్తినా అంచుల వెంట దువ్వెన పళ్లలా అడ్డగీతలు వస్తాయి. టీవీల కోసం బొమ్మను సరి గీతలు, బేసి గీతలుగా విడగొట్టి దాచిన ఫలితమది. హ్యాండ్‌బ్రేక్‌లో డీకోంబ్ అనే ఫిల్టర్ పెడితే ఆ గీతలు పోతాయి. ఫైలు మొత్తం తయారుచేసే ముందు ఒక పాట ముక్కను మాత్రమే మార్చి చూడటం నా అలవాటు. మాటల సన్నివేశంలో ఈ లోపం కంటికి తగలదు, నాట్యంలో వెంటనే దొరుకుతుంది.

నలుపు తెలుపు సినిమాలతో ఇంకో సంగతి. ఫిలిం రేణువులు, గీతలు ఎక్కువగా ఉండటం వల్ల అదే అంకెకు ఫైలు బాగా పెద్దదవుతుంది. రేణువులను తుడిచేసే ఫిల్టర్ ఉంది కానీ నాకు ససేమిరా నచ్చలేదు. రేణువులతో పాటు కళ్ల కింది ముడతలు, కాటుక గీత, చీర అంచులోని నేత కూడా చెరిగిపోతాయి. వాటిని చూడటానికే నేను ఆ సినిమా పెట్టుకుంటాను. అంకెను 22కు పెంచి, ఇంకా పెద్దదైతే కానివ్వమని వదిలేస్తాను.

సైజు లెక్క కావాలంటే ఇదిగో. రెండున్నర గంటల సినిమా అంటే 9,000 సెకన్లు. బొమ్మకు సెకనుకు 1,200 కిలోబిట్లు, ధ్వనికి 128 ఇస్తే మొత్తం 1.5 జీబీ దగ్గర తేలుతుంది. పది అంగుళాల తెర మీద 720 పీకి ఆ కేటాయింపు కంటికి ఇబ్బంది లేకుండా సరిపోతుంది. ఆ లెక్కన 400 జీబీలో 260 పైచిలుకు సినిమాలు పడతాయి. హెచ్.265 అనే కొత్త కుదింపు పద్ధతి (కోడెక్) వాడితే దాదాపు అదే నాణ్యతకు సైజు ఇంకా బాగా తగ్గుతుందని మిత్రులు పట్టుబడతారు, అది నిజమే. కానీ మార్చడానికి పట్టే సమయం ఎక్కువ. ఆ కోడెక్‌ను నేరుగా చదివే చిప్ లేని పాత ట్యాబ్‌లో ప్రాసెసర్ మీద భారం పడి వెనక వైపు వేడెక్కుతుంది, బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది. నేను దానికన్నా పాతదైన హెచ్.264 దగ్గరే ఆగాను. ఎవరి పరికరంలో పెట్టినా ఆడే ఫైలు ఓడలో చాలా విలువైనది.

ధ్వని విషయంలో ఎక్కువమందికి ఎదురయ్యే బాధ రెండు రకాలు. ఒకటి, బొమ్మ వస్తుంది, శబ్దం అసలు రాదు. ఫైలులో ధ్వని డీటీఎస్ లేదా ఏసీ3 రూపంలో ఉండి, ప్లేయర్‌కు దాన్ని చదివే అనుమతి లేకపోతే ఇలా జరుగుతుంది. వీఎల్‌సీకి ఆ కొరత లేదు. రెండోది, మాటలు వినపడవు గాని ఫైట్లు చెవులు పగలగొడతాయి. ఆరు ఛానెళ్లుండే 5.1 ధ్వనిలో మాటలు మధ్య ఛానెల్‌లో ఉంటాయి. ఆరింటినీ రెండుగా కలిపినప్పుడు అవి అడుగున పడిపోతాయి. కింద ఇంజిన్ హోరు ఎప్పుడూ ఉండే క్యాబిన్‌లో ఇది మరీ కష్టం. హ్యాండ్‌బ్రేక్‌లో ధ్వనిని రెండు ఛానెళ్ల ఏఏసీ రూపంలోకి మారుస్తూ డీఆర్‌సీ అనే అంకెను కొద్దిగా పెంచితే చిన్న శబ్దం, పెద్ద శబ్దం మధ్య తేడా తగ్గుతుంది. ఈ ఒక్క మార్పు తర్వాత మాటల కోసం సినిమాను వెనక్కి తిప్పుకోవలసిన అవసరం దాదాపు పోయింది.

వీఎల్‌సీని మెచ్చుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఆపిన చోటు గుర్తుపెట్టుకుంటుంది, ప్రకటనలు లేవు, నెట్ అడగదు. తెల్లవారుజామున వాచ్ దిగి వచ్చాక నిద్ర టైమర్ పెట్టుకుని పడుకుంటే తనంతట తానే ఆగుతుంది. లోపం చెప్పాలంటే, కార్డులో వందల ఫైళ్లు ఉన్నప్పుడు మొదటిసారి జాబితా తయారుచేసుకోవడానికి చాలాసేపు తీసుకుంటుంది. ఆ పని ఇంట్లో ఉండగానే కానిచ్చేయాలి.

సబ్‌టైటిల్స్ ఫైలుకు సినిమా ఫైలు పేరే పెట్టి పక్కనే ఉంచితే చాలు. అక్షరాలు పిచ్చిగీతలుగా కనిపిస్తే నోట్‌ప్యాడ్‌లో తెరిచి యూటీఎఫ్-8 అనే అక్షర పద్ధతిలో మళ్లీ భద్రపరచండి. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన సహోద్యోగులతో కలిసి మెస్ గదిలో తెలుగు సినిమా చూసేటప్పుడు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ లేకపోతే పాట రాగానే ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతారు. ఉంటే చివరిదాకా కూర్చుంటారు.

ఎక్కించే దారుల్లో కార్డును బయటికి తీసి, రీడర్‌లో పెట్టి, లాప్‌టాప్ నుంచి కాపీ చేయడమే మేలు. ట్యాబ్‌కు కేబుల్ తగిలించి పంపితే ఎంటీపీ అనే పద్ధతిలో నడుస్తుంది. చాలా ట్యాబ్‌లకు టైప్-సీ రంధ్రం ఉన్నా లోపల ఉన్నది యూఎస్‌బీ 2.0 మాత్రమే, సెకనుకు 30, 40 ఎంబీ దాటదు. 400 జీబీకి మూడు నాలుగు గంటలు పడుతుంది. మధ్యలో తెగితే ఎక్కడ ఆగిందో వెతుక్కోవాలి. ఒకటి రెండు సినిమాలకైతే టైప్-సీ పెన్‌డ్రైవ్ నేరుగా ట్యాబ్‌కు పెట్టుకోవడం హాయి. పాత తరహా హార్డ్‌డిస్కును నమ్ముకోవద్దు. దానికి కావలసిన కరెంటు ట్యాబ్ ఇవ్వలేకపోవచ్చు, విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉంటే చాలా ట్యాబ్‌లు చదవవు కూడా.

ఓడ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. ఓడ కంప్యూటర్లలో సొంత పెన్‌డ్రైవ్ పెట్టనివ్వరు. అంతర్జాతీయ సముద్ర రవాణా సంస్థ సైబర్ భద్రతను 2021 నుంచి ఓడల భద్రతా వ్యవస్థలో భాగం చేసింది. చార్టులు చూపే యంత్రానికి వైరస్ సోకితే ఏమవుతుందో బ్రిడ్జి మీద నిలబడేవాడిగా నాకు తెలుసు, ఆ నియమం సరైనదే. కాబట్టి సొంత లాప్‌టాప్ లేకపోతే ఎక్కించాల్సినదంతా ఒడ్డునే ఎక్కించుకుని రావాలి.

ఐప్యాడ్‌లో కార్డు పెట్టే వీలు లేదు. 2019లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 13 నుంచి పెన్‌డ్రైవ్‌ను ఫైల్స్ యాప్ చదువుతోంది కాబట్టి పరిస్థితి మెరుగుపడింది. అక్కడా వీఎల్‌సీ వేసుకుంటే ఎంకేవీ రకం వీడియో ఫైళ్లు కూడా ఆడతాయి. కానీ లోపలి నిల్వ ఎక్కువున్న ఐప్యాడ్ ధరకు, నా ట్యాబ్, కార్డు రెండూ కొన్నా డబ్బు మిగులుతుంది.

ఒక్క కోరిక మాత్రం తీరకుండా ఉంది. నాన్నగారి డిస్కులు అయిపోయాక, కొత్త తెలుగు సినిమాను డబ్బిచ్చి సొంత ఫైలుగా కొనుక్కునే దారి నాకు ఎక్కడా దొరకలేదు. డీవీడీలు రావడం దాదాపు ఆగిపోయింది. ఓటీటీలో ఉన్నది అద్దె మాత్రమే, అక్కడి నుంచి తీసేస్తే అంతే సంగతులు. గడువు లేని ఫైలుకు సరైన ధర పెట్టి అమ్మితే మొదట కొనేవారు మాలాంటి ఓడ మనుషులు, గల్ఫ్ ఎడారుల్లో పనిచేసే తెలుగువారు, ఏజెన్సీ గ్రామాల్లో సిగ్నల్ అందని ఉపాధ్యాయులు. నిర్మాతలు ఈ సంగతి పట్టించుకోవాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

ట్యాబ్ కొనబోయేవారు ముందు కార్డు అర ఉందో లేదో, ఎన్ని జీబీల కార్డు వరకు చదువుతుందో పెట్టె మీద చూడండి. ఖరీదైన మోడళ్లలో కొన్నిటికి ఆ అరే ఉండటం లేదు. నా ట్యాబ్ 1 టీబీ వరకు చదువుతుందని రాసి ఉంది కాబట్టి తర్వాతి కాంట్రాక్టుకు ఆ కార్డే తీసుకుంటున్నాను. పాత 512ను ఎక్కించినవి ఎక్కించినట్టే ఉంచి రెండో ప్రతిగా పెట్టెలో పెట్టుకుంటాను.