హెడ్జ్‌హాగ్ స్టార్టర్ కిట్: అన్నీ ఉన్నాయి, వెచ్చదనం తప్ప

మా అమ్మాయి 10వ పుట్టినరోజుకు హెడ్జ్‌హాగ్ (ఒంటినిండా ముళ్లుండే, పురుగులు తినే చిన్న జంతువు) పిల్లను తెచ్చుకున్న రోజునే, డాలస్ శివారులోని ఒక పెంపుడు జంతువుల దుకాణంలో ‘స్టార్టర్ కిట్’ అనే పెట్టెను కూడా 129 డాలర్లు పెట్టి కొన్నాము. తీగల పంజరం, 8 అంగుళాల తీగ చక్రం, పైన్ చెక్క పొట్టు, నీళ్ల సీసా, దాక్కోవడానికి ప్లాస్టిక్ గుడిసె, ఒక ఆహారపు పొట్లం అందులో ఉన్నాయి. ఒంటినిండా ముళ్లున్నాయని పిల్లకు ‘పనస’ అని పేరు పెట్టుకున్నాము. ఏడాది గడిచేసరికి ఆ కిట్‌లో మా ఇంట్లో మిగిలింది గుడిసె ఒక్కటే.

పెద్ద లోపం ముందు చెబుతాను. అమెరికాలో పెంచుకునే హెడ్జ్‌హాగ్ ఆఫ్రికా సంతతికి చెందినది కనుక, దాని పంజరంలో రాత్రింబవళ్లు సుమారు 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం ఉండాలి. చలి తగిలితే అది శీతాకాల నిద్రలోకి జారుకోబోతుంది. చలిదేశపు జాతులకు ప్రాణరక్షణ అయిన ఆ నిద్ర దీనికి ప్రాణాంతకం కావచ్చు. ఈ సంగతి పెట్టె మీద గాని, లోపలి కరపత్రంలో గాని ఒక్క ముక్క లేదు, హీటరు అంతకన్నా లేదు. డిసెంబరులో ఒక రాత్రి ఇంటి హీటింగును మామూలుగానే 66 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు (సుమారు 19 సెల్సియస్) తగ్గించి పడుకున్నాము. తెల్లవారి చూస్తే పనస పొట్ట చల్లబడి ఉంది, నడవబోతే తూలిపోతోంది. పశువైద్యురాలికి ఫోన్ చేస్తే, వేడినీళ్లలో ముంచవద్దని, చొక్కా లోపల ఒంటికి ఆనించుకుని మెల్లగా వెచ్చబరుస్తూ వెంటనే తీసుకురమ్మని చెప్పారు. అది తేరుకుంది. ఆ సాయంత్రమే, వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటరు, దానిని అదుపు చేసే థర్మోస్టాట్, పంజరం లోపల పెట్టే థర్మామీటరు కొన్నాము. కిట్‌లో అన్నిటికన్నా ముందు పెట్టవలసినవి ఇవే.

చక్రం సంగతి దీనికి తీసిపోదు. హెడ్జ్‌హాగ్ పగలంతా పడుకుని, రాత్రి గంటల తరబడి పరుగెత్తే ప్రాణి. తీగల మధ్య సందుల్లో దాని సన్నని కాళ్లు ఇరుక్కుని విరిగే ప్రమాదం ఉంది. పైగా చక్రం చిన్నదైతే నడుము వెనక్కి వంగిపోతుంది. కనీసం 10, వీలైతే 12 అంగుళాల వ్యాసంతో, సందులు లేని నున్నని చక్రం కావాలి. పరుగెత్తుతూనే విసర్జించడం దీని అలవాటు కాబట్టి ఆ చక్రాన్ని రోజూ కడగవలసి ఉంటుంది, అయితే వంటింటి సింకులో మాత్రం కడగకూడదు. పెంపుడు హెడ్జ్‌హాగ్‌ల ద్వారా మనుషులకు సాల్మొనెల్లా అనే, కడుపును పాడుచేసే బ్యాక్టీరియా సోకిందని 2019లో ఇక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ హెచ్చరించింది. ముద్దు పెట్టుకోవద్దని కూడా చెప్పింది. మా అమ్మాయికి నచ్చని నియమం అదొక్కటే.

పైన్ పొట్టు ఘాటు ఊపిరితిత్తులకు మంచిది కాదని వైద్యురాలు చెప్పడంతో కాగితపు పరుపుకు మారాము. నీళ్ల సీసా స్థానంలో బరువైన గిన్నె పెట్టాము.

ఆహారం విషయంలో మా ఇంట్లో కాస్త చర్చ జరిగింది. ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు దానిని ముళ్లపంది అనే పిలిచి, చిలగడదుంప ముక్కలు పెట్టబోయారు. పోలిక ముళ్ల వరకే. ముళ్లపంది దుంపలు, వేళ్లు కొరికి తినే జంతువు. హెడ్జ్‌హాగ్ ముఖ్యంగా పురుగులు తిని బతికేది. కిట్‌లోని పొట్లం మీద మొదటి పదార్థం మొక్కజొన్న కావడం చూసి దానిని పక్కన పెట్టి, 30 శాతానికి పైగా ప్రొటీన్, 15 శాతం లోపు కొవ్వు ఉన్న పిల్లుల ఆహారాన్ని కొలిచి పెడుతున్నాము. మీల్‌వార్మ్ పురుగులు వారానికి రెండు మూడు సార్లు, తాయిలంగా మాత్రమే, ఎందుకంటే ఇది ఇట్టే లావెక్కిపోతుంది. శాకాహారుల ఇంటి ఫ్రిజ్‌లో పురుగులకు ఒక అర కేటాయించవలసి వస్తుందని కొనే ముందే చెప్పి ఉంటే బాగుండేది.

దుకాణం చెప్పని మరొక విషయం: టెక్సస్‌లో పెంచుకోవచ్చు గాని, కాలిఫోర్నియాలో హెడ్జ్‌హాగ్‌ను పెంచడం నిషిద్ధం. ఉద్యోగం మారి అక్కడి బే ఏరియాకు వెళ్లే అవకాశం ఉన్నవారు ముందే ఆలోచించుకోవాలి, ఎందుకంటే ఇది నాలుగైదేళ్లు బతికే ప్రాణి.

కిట్‌కు మళ్లీ కొన్న వస్తువులన్నీ కలుపుకుంటే మా ఖర్చు రెట్టింపు దాటింది. విడివిడిగా కొనుక్కుంటే తక్కువలో అయిపోయేది. 5కు 1 నక్షత్రం ఇస్తున్నాను, అదీ గుడిసెకు. పనస ఇప్పుడు కూడా అందులోనే పడుకుని ఉంది.