క్విల్టింగ్ రిట్రీట్‌కని ప్యాడూకా వెళ్తే...

ముక్కల బొంతలు కుట్టేవాళ్లు ఒకచోట చేరి కుట్టుకునే ఈ రిట్రీట్‌కి నేనూ మా వదినా అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని ప్యాడూకా ఊరికి వెళ్లాం. మనిషికి 340 డాలర్లు కట్టించుకుని, రెండు ఇస్త్రీపెట్టెలు ఒకేసారి పెడితే కరెంటు పోయే ఇంట్లో పడేశారు. క్విల్టింగ్ వాళ్ల కోసమే కట్టించిన ఇల్లట! పన్నెండు మంది కుట్టే హాల్లో ప్లగ్గులన్నీ ఒకే బ్రేకరు మీద. అమెరికాలో మామూలు లైను 15 యాంపులు, అంటే 1800 వాట్లు. ఇస్త్రీపెట్టె ఒక్కటే 1500 దాకా లాగేస్తుంది. ఇంకొకరు తమది పెట్టగానే మిషన్లన్నీ ఠక్కున ఆగిపోయేవి. ఓనరమ్మతో చెబితే "వంతులు వేసుకోండి" అంది. టేబుల్ అద్దె 25 డాలర్లు మాత్రం అందరి దగ్గరా ఒకేసారి గుంజింది.

మా వదిన మొదటి పూటే మొహం మాడ్చుకుంది. అక్కడ కోసుకోవచ్చులే అని బట్ట తెచ్చింది తెచ్చినట్టే ఉంచింది. తీరా చూస్తే, కటింగ్ టేబుల్ అంటూ వాళ్లు ఫొటో పెట్టింది వంటింటి గట్టు. "మంచినీళ్ల ట్యాంకరు దగ్గర నిలబడ్డట్టుంది" అని ఒకటే సణుగుడు.

నేను నాష్‌విల్‌లో ఇంటి దగ్గరే అంతా కోసి తెచ్చుకున్నా కాబట్టి బతికిపోయా. నాది లాగ్ క్యాబిన్ అనే బొంత డిజైను. ఒక్కో బ్లాకులో, అంటే బొంతలోని ఒక్కో చదరపు గడిలో, మధ్యలో ఎర్ర చదరం, చుట్టూ పట్టీలు, సగం లేత రంగు, సగం ముదురు. ముదురుకి అమ్మ పాత మంగళగిరి చీర తీశా. తెల్లగుడ్డ ముక్కతో కలిపి నానబెట్టి, దానికి రంగు అంటడం మానేదాకా జాడించి, గంజి పెట్టి ఇస్త్రీ చేశాకే కట్టర్ పట్టుకున్నా. ఏ బ్లాకు పట్టీలు ఆ జిప్ కవర్లో, కుట్టే వరసలో, పైన కొలత చీటీ. బాబిన్లు కూడా చుట్టే తెచ్చా. ఇస్త్రీ వంతు రానప్పుడు చిన్న చెక్క రోలరుతో కుట్లు నొక్కేశా.

ఊరికి మాత్రం వంక పెట్టను. 1991లో తెరిచిన నేషనల్ క్విల్ట్ మ్యూజియంలో వదిన ఒక్కో బొంత ముందు ముక్కు ఆనించినంత పని చేసింది. ఒహాయో నది వరదగోడ మీద బొమ్మలూ బాగున్నాయి.

మీరు వెళ్తే డబ్బు కట్టేముందే కుట్టే హాలుకి ఎన్ని బ్రేకర్లున్నాయో ఫోన్ చేసి అడగండి. సొంత టేబుల్ లైటు, పొడుగాటి ఎక్స్‌టెన్షన్ వైరు తీసుకెళ్లండి. మా డిపాజిట్ 50 డాలర్లు ఇంకా రాలేదు. వదిన రోజూ ఈమెయిల్ కొడుతూనే ఉంది.