నార్మ్ షాపా, రాయ్ షాపా? వడ్రంగం నేర్చుకోవడానికి ఏ షో మేలు?

అమెరికా పబ్లిక్ టెలివిజన్‌లో వడ్రంగం షోలంటే ముందు రెండు పేర్లు వస్తాయి. ఒకటి బోస్టన్ స్టేషన్ డబ్ల్యూజీబీహెచ్ తీసిన 'ద న్యూ యాంకీ వర్క్‌షాప్'. 1989 నుంచి 2009 దాకా నార్మ్ ఏబ్రమ్ నడిపాడు. రెండోది నార్త్ కరోలినాలో 1979లో మొదలై, 1981 నుంచి దేశమంతా వచ్చిన 'ద వుడ్‌రైట్స్ షాప్'. అందులో రాయ్ అండర్‌హిల్ కరెంటుతో పనిలేని పనిముట్లే వాడతాడు. రెండూ ఇప్పుడు కొత్తగా రావడం లేదు గానీ పాత ఎపిసోడ్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. గ్యారేజీ ఉన్న ఇల్లు కొనుక్కుని, వీకెండ్ ఖాళీగా ఉన్నప్పుడు ఒక పుస్తకాల అరైనా చేద్దామనుకునే మనవాళ్లు ఇక్కడ అమెరికాలో చాలామందే ఉన్నారు. వాళ్లు వీటిలో ఏది చూడాలి?

నార్మ్ షో నడిచే తీరు ఎప్పుడూ ఒకటే. చేయబోయే వస్తువును ముందే ఒకటి తయారుచేసి పెట్టుకుంటాడు. అది చూపించి, అరగంటలో అలాంటిదే ఇంకొకటి మన కళ్ల ముందు చేస్తాడు. మిషన్లు వాడతాం కాబట్టి జాగ్రత్తలు పాటించండి, అన్నిటికంటే ముందు కళ్లద్దాలు పెట్టుకోండి అని ప్రతిసారీ చెబుతాడు. ఇంట్లో వాళ్లకి ఆ మాట కంఠతా వచ్చేస్తుంది. అసలు విషయం ఆ తర్వాత వస్తుంది. ఒకే కొలత ముక్కలన్నీ రంపం సెట్టింగ్ మార్చకుండా ఒకేసారి కోస్తాడు. జిగురు పూసే ముందు అన్నీ పొడిగా అమర్చి చూస్తాడు. లోపలి వైపులకు ఇసుక కాగితం పని బిగించక ముందే ముగిస్తాడు, బిగించాక చెయ్యి పట్టదు కదా. ఇవేవీ గొప్ప రహస్యాలు కావు. కానీ పని పాడయ్యేది సాధారణంగా ఈ వరుస తప్పినప్పుడే.

నార్మ్ మీద ఉన్న ఫిర్యాదు అందరికీ తెలిసిందే: అతని దగ్గర లేని మిషన్ లేదు. టేబుల్ సా (బల్లకు బిగించిన కరెంటు రంపం), బ్యాండ్ సా (పట్టీలా తిరిగే రంపం), చెక్కను చదును చేసే ప్లేనర్, జాయింటర్, చివరికి ఫ్యాక్టరీల్లో ఉండేంత శాండింగ్ మిషన్. మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు ఒక ఎపిసోడ్ చూసి, "ఇతను వడ్రంగి కాదురా, సామిల్లు ఓనరు" అన్నారు. ఇంకో విమర్శ కూడా ఉంది. జిగురు పూసిన చోట గాలి గన్నుతో టకటకా సన్న మేకులు కొడతాడని, అది పనితనం కాదని పాతకాలపు పద్ధతి ఇష్టపడేవాళ్లు అంటారు. ఈ విషయంలో నేను నార్మ్ వైపే. అక్కడ బరువు మోసేది జిగురూ జాయింటూ. జిగురు ఆరేదాకా ముక్కలు కదలకుండా పట్టుకోవడమే ఆ మేకుల పని. చెక్కలను బిగించి పట్టే క్లాంపులు చాలనివాడికి అంతకంటే సుళువు దారి లేదు.

రాయ్ సంగతి పూర్తిగా వేరు. డ్యూక్ యూనివర్సిటీలో అడవుల గురించి చదివాడు, వర్జీనియాలో పాతకాలపు ఊరిని మ్యూజియంలా నిలబెట్టిన కలోనియల్ విలియమ్స్‌బర్గ్‌లో పాత పద్ధతిలో ఇళ్లు కట్టే వడ్రంగులకు నాయకుడిగా పనిచేశాడు. తల మీద టోపీ, భుజాల మీదుగా సస్పెండర్లు, నోటినిండా జోకులు. కాలితో తొక్కితే తిరిగే తరిణె (లేత్), కాలితోనే చెక్కను నొక్కిపట్టే బల్ల, గొడ్డలి, బాడిత, ఉలి, చిత్రిక. మా నాన్నగారికి ఇంగ్లీషు సగం అర్థం కాకపోయినా ఈ షో కదలకుండా చూశారు. మన ఊళ్లలో నేల మీద కూర్చుని, కాలి వేళ్లతో కర్రను బిగబట్టి చెక్కే వడ్రంగిని చూసినవాళ్లకి ఇది కొత్త లోకమేమీ కాదు. కాకపోతే రాయ్ ఎక్కువగా నిలబడి, బల్లకు బిగించి చేస్తాడు.

రాయ్ దగ్గర దొరికేది కర్ర గురించిన జ్ఞానం. పచ్చి కర్రతో చేసే పాతకాలపు కుర్చీలనే తీసుకోండి. కాళ్లకు ఇంకా తేమ ఉన్న కర్ర, వాటిని కలిపే అడ్డకర్రలకు బాగా ఎండిన కర్ర వాడతారు. కాలికి బెజ్జం వేసి అడ్డకర్రను దిగ్గొడతారు. రోజులు గడిచేకొద్దీ కాలు ఎండి బెజ్జం కుంచించుకుంటుంది. లోపలున్న ఎండు కర్ర కాలిలోని తేమను కొంచెం పీల్చుకుని ఉబ్బుతుంది. రెండూ కలిసి ఎంత గట్టిగా పట్టుకుంటాయంటే మేకు అవసరం రాదు. అలాగే కర్రను రంపంతో కోయకుండా గొడ్డలితోనో చీలికతోనో చీలిస్తే నార తెగదు, మొదలు నుంచి చివర దాకా అలాగే ఉంటుంది. అందుకే అలా చీల్చిన కర్ర సన్నగా ఉన్నా అంత తేలిగ్గా విరగదు. ఇలాంటి కారణాలు ఒకసారి బుర్రకెక్కితే, బల్ల పైచెక్కను నాలుగు పక్కలా స్క్రూలతో కదలకుండా బిగిస్తే చలికాలంలో హీటర్ వేసినప్పుడు ఎందుకు పగులుతుందో ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు. చెక్క అడ్డంగా కుంచించుకుంటుంది, పొడుగున దాదాపు మారదు. నార్మ్ కూడా పైచెక్కకు కదలడానికి చోటిచ్చే బిగింపులే వాడతాడు. కానీ ఎందుకన్నది మనసుకెక్కేది రాయ్ చెప్పినప్పుడే.

రాయ్‌తో చిక్కు ఒకటుంది. షో అరగంటా దాదాపు ఆపకుండా, ఒకే ఊపులో సాగిపోతుంది. మాట్లాడుతూ కోస్తాడు, కోస్తూ ఊపిరి పీల్చుకోవడం మర్చిపోతాడు. చివరి నిమిషాల్లో పరుగు. వేలు కోసుకుని, రక్తం కారుతుండగానే పని సాగించిన సందర్భాలూ ఉన్నాయి. చూడ్డానికి భలే ఉంటుంది. చేతి రంపంతో గీత మీద నిటారుగా కోయడం అతనికి మంచినీళ్లు తాగినట్టు వస్తుంది కాబట్టి, చూసేవాడికి అది తేలిక పనిలా కనిపిస్తుంది. మనం పట్టుకుంటే రెండంగుళాలు దిగకముందే రంపం పక్కకు పోతుంది.

అందుకే మామూలుగా ఇచ్చే సలహాతో నాకు పేచీ ఉంది. "డబ్బుంటే నార్మ్, లేకపోతే రాయ్" అంటారు. పనిముట్ల ఖర్చు ఒక్కటే చూస్తే అది నిజమే. కానీ కొత్తవాడికి నా ఓటు నార్మ్‌కే. మిషన్లను పక్కన పెట్టి పని వరుసను మాత్రం తీసుకోండి. ఒక సర్క్యులర్ సా (చేత్తో పట్టుకుని కోసే కరెంటు రంపం), సూటిగా ఉన్న ఒక చెక్క పట్టీ, డ్రిల్లు, నాలుగు క్లాంపులు ఉంటే నార్మ్ పుస్తకాల అర దాదాపు అదే వరుసలో వస్తుంది. అంత నున్నగా రాకపోవచ్చు, నిలబడుతుంది. రాయ్ దగ్గర అలా పక్కన పెట్టడానికి ఏమీ లేదు, అక్కడ చేతి అలవాటే మొత్తం సరుకు. అది టీవీలోంచి రాదు. (కొలతలు రాసుకునే ముందు ఒక మాట: ఇక్కడి షాపుల్లో టూ బై ఫోర్ అని అమ్మే కర్ర నిజానికి ఒకటిన్నర అంగుళం బై మూడున్నర అంగుళాలే. టేపు పెట్టి కొలవకుండా లెక్కలు వేసుకుంటే అర ఎక్కడా కుదరదు.)

వినోదం కోసమైతే పోటీయే లేదు, రాయ్. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూడ్డానికి కూడా అతనే.

నార్మ్ షో ఆగాక 2010లో అదే బోస్టన్ స్టేషన్ నుంచి టామీ మాక్ నడిపిన 'రఫ్ కట్' షో వచ్చింది. బోస్టన్‌లో చేతిపనులు నేర్పే నార్త్ బెనెట్ స్ట్రీట్ స్కూల్‌లో ఫర్నిచర్ పని నేర్చుకున్న మనిషి. మిషనూ ఉలీ రెండూ వాడతాడు, పాత ఫర్నిచర్ ఉన్న చోట్లకూ తీసుకెళ్తాడు. మధ్యేమార్గం అనిపిస్తుంది గానీ, అతను ఎంచుకునే వస్తువులు కొన్ని మొదటి ఏడాది పని నేర్చుకునేవాడి స్థాయివి కావు. రెండు మూడు వస్తువులు చేశాక చూస్తే మంచిది.

ఇదంతా గ్యారేజీ ఉన్నవాళ్ల మాట. అపార్ట్‌మెంట్‌లో ఉంటే లెక్క మారుతుంది. రాత్రి తొమ్మిదికి టేబుల్ సా ఆన్ చేస్తే కింద ఇంటివాళ్లు ఊరుకోరు, పొట్టు కార్పెట్‌లోంచి ఎన్నటికీ పోదు. అప్పుడు రాయ్ షోనే దిక్కు, అదీ పెద్ద పనులు కాదు. చిన్న పెట్టె, పీట, చెంచా లాంటివి. ముందు పదును పెట్టడం గురించిన ఎపిసోడ్లు చూడండి, ఉలి కంటే ముందు సానరాయి కొనండి. మొండి ఉలికి బలం ఎక్కువ పెట్టాలి, అది జారినప్పుడు ఎటు పోతుందో తెలీదు. చెక్కను బల్లకు క్లాంపుతో బిగించి, రెండు చేతులూ ఎప్పుడూ ఉలి పదునుకు వెనకే ఉండేలా చూసుకోండి.