ముసురులో మల్టీపిచ్: స్లాబా, చిమ్నీయా, బట్రెసా?

ముసురు పట్టిన రోజున కూడా మల్టీపిచ్, అంటే రోప్ కట్టుకుని పిచ్‌లనే కొన్ని అంచెల్లో ఎక్కే రాతి గోడ, ఎక్కాల్సిందే అనుకున్నవాళ్లు మొదట చేసే పని గైడ్‌బుక్ తీసి తేలిక గ్రేడ్ (రూట్ ఎంత కష్టమో చెప్పే కొలత) వెతకడం. అది మంచిదే. తడిలో కనీసం రెండు గ్రేడ్లు కిందికి దిగాలన్నది నేనూ పాటిస్తాను. బ్రిటిష్ గ్రేడ్లలో చెప్పాలంటే, పొడి రోజున సివియర్ గ్రేడ్ రూట్‌ని లీడ్ చేసేవాళ్లు (రోప్ తీసుకుని ముందుగా ఎక్కేవాళ్లు) వానలో డిఫికల్ట్ దగ్గర ఆగితే మేలు. పేరు చూసి భయపడక్కర్లేదు, డిఫికల్ట్ అంటే అక్కడ తేలిక రూట్ల కిందే లెక్క. కానీ గైడ్‌బుక్‌లో ఉన్న ఏ గ్రేడైనా పొడి రాయికి ఇచ్చిందే. ఒకే గ్రేడ్ ఉన్న రెండు రూట్లు పక్కపక్కనే తడిస్తే ఒకటి కాస్త కష్టమవుతుంది, ఇంకోటి అసలు నిలబడనివ్వదు. ఆ తేడా రాయి ఆకారంలో ఉంది. అందుకే నేను ముందు ఆకారం చూసి, ఆ తర్వాతే గ్రేడ్ చూస్తాను.

స్లాబ్ సంగతి ముందు చెప్పాలి. వానరోజు ఎక్కువమంది పొరపాటున ఎంచుకునేది దాన్నే. స్లాబ్ అంటే వెడల్పాటి బండ, వాలుగా ఉంటుంది, కింద నుంచి చూస్తే నడిచి వెళ్లిపోవచ్చు అనిపిస్తుంది. వేల్స్‌లోని ఇడ్వల్ స్లాబ్స్ అలాంటివే. స్లాబ్ మీద మనల్ని నిలిపేది చేతిపట్టు కాదు, షూ రబ్బరుకీ రాయికీ మధ్య ఉండే ఒరిపిడి. నీళ్లు మొదట తీసేసేది దాన్నే. అక్కడి హోప్ అనే రూట్‌ని 1915లో మొదటిసారి ఎక్కారు. అప్పటినుంచి ఎందరో తొక్కి తొక్కి అడుగు పెట్టే చోట్లు నున్నగా అరిగిపోయాయి. పొడిగా ఉంటే గ్రేడ్ వెరీ డిఫికల్ట్, అంటే డిఫికల్ట్ కన్నా ఒక మెట్టు పైది. వాన పడితే ఆ గ్రేడ్‌ని నమ్మొద్దు. పైగా స్లాబ్‌లో ప్రొటెక్షన్ (పడితే ఆపడానికి రోప్ తగిలించే గేర్) పెట్టే పగుళ్లు తరచుగా దొరకవు. కాలు జారితే గాల్లో పడం, బండ మీద గీసుకుంటూ చాలా దూరం పోతాం.

అదే ఇడ్వల్‌లో ఆర్డినరీ రూట్ డిఫికల్ట్ గ్రేడే. గాడిలాంటి దారి, పట్లు కాస్త పెద్దవి. బూట్లు వేసుకుని వానలో ఎక్కేవాళ్లున్నారు. అయితే గాడి ఉన్నచోటికే నీళ్లూ వస్తాయి. నన్ను ఇంకా భయపెట్టేది దిగే దారి. పైకి చేరాక రోప్ తీసేసి, అరిగిన రాళ్ల మీదుగా చేతులు ఆనించి దిగాలి. అప్పటికి ఒళ్లు తడిసి, వేళ్లు కొంకర్లు పోయి ఉంటాయి. అందుకే రూట్ ఎంచుకునేటప్పుడు ఎక్కే దారిని ఎంత చదువుతానో దిగే దారినీ అంతే చదువుతాను.

చిమ్నీ అంటే మనిషి దూరేంత వెడల్పున్న నిలువు పగులు. ఇది స్లాబ్‌కి పూర్తిగా ఎదురు. వీపు ఒక గోడకి, కాళ్లు ఇంకో గోడకి ఆనించి ఒంటినే మేకులా బిగిస్తాం కాబట్టి తడి అంతగా బాధించదు. వేల్స్‌లోనే స్నోడన్ కొండ దగ్గర లోయలో ఉన్న లాక్‌వుడ్స్ చిమ్నీ 1909 నాటిది. వానరోజులకీ, రాత్రి ఎక్కడానికీ పేరుపడ్డ రూట్. లోయలో కిందుగా ఉండటం వల్ల పెద్ద కొండల మీది గాలి అక్కడ అంతగా కొట్టదు. కష్టాలు వేరే ఉన్నాయి. బ్యాగ్ ఇరుక్కుంటుంది. లోపలికి దూరిన లీడర్ కనబడడు, మాట వినబడదు. రోప్ ఎన్నిసార్లు లాగితే ఏమని అర్థమో కిందే ఒప్పందం చేసుకోవాలి. అలాగని గల్లీని చిమ్నీ అనుకోకండి. గల్లీ అంటే కొండని నిలువునా కోసిన వెడల్పాటి గాడి, కొండ మీది నీళ్లకీ, ఊడిన రాళ్లకీ దారి. వానలో దాని మొహం కూడా చూడను.

ఇక మెట్లు మెట్లుగా ఉండే బట్రెస్ (కొండ నుంచి ముందుకి పొడుచుకొచ్చిన రాతి భాగం), రిడ్జ్ (కొండ అంచు). నా ఓటు వీటికే. నీళ్లు రెండు పక్కలకీ జారిపోతాయి, వాన ఆగితే గాలికి త్వరగా ఆరుతుంది, పట్లు చేతినిండా అందుతాయి, బిలేకి (ఆగి, ఎక్కేవాళ్ల రోప్ పట్టుకుని కాపు కాయడానికి) నిలబడే చోట్లు వెంటవెంటనే వస్తాయి. వేల్స్‌లోని ట్రైవాన్ కొండ కింద రోడ్డుకి దగ్గర్లోనే మైల్‌స్టోన్ బట్రెస్ ఉంది. అక్కడి ఆర్డినరీ రూట్ కూడా అరిగిందే, కానీ పట్లు పెద్దవి, పిచ్‌లు కొద్ది, కారు దగ్గర. స్కాట్లాండ్‌లో గ్లెన్‌కో దగ్గరి కర్వ్‌డ్ రిడ్జ్ ఇంకా తేలిక. అయితే అది పెద్ద కొండ, పైకి చేరాక దిగడానికీ చాలా సమయం పడుతుంది.

అదే ట్రైవాన్ తూర్పు ముఖం మీద గ్రూవ్డ్ అరేట్ ఉంది. చాలా అందమైన రూట్, 1911లో ఎక్కారు. తడి రోజున మాత్రం వద్దంటాను. చాలా పిచ్‌లు ఎక్కాక, బాగా ఎత్తులో నైట్స్ మూవ్ స్లాబ్ వస్తుంది. చదరంగంలో గుర్రం నడిచినట్టు దాన్ని దాటాలి. బట్రెస్ అని నమ్మి వెళితే అసలు పరీక్ష మళ్లీ స్లాబ్ మీదే, అదీ వెనక్కి రావడం కష్టమైన చోట!

పొడుగు రూట్ వద్దనడానికి ఇంకో కారణం చలి. ఎక్కేవాళ్లకి చలి తెలియదు, బిలేలో కదలకుండా నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది. తడిలో లీడర్ నెమ్మదిస్తాడు, కిందివాళ్లు వణుకుతారు, తర్వాత ఆ వణికే చేతులతోనే ఎక్కాలి. మూడు, నాలుగు పిచ్‌లు చాలు. మెట్ల రూట్‌లో మరిచిపోకూడని ప్రమాదం ఒకటుంది: పడితే రోప్ బిగిసేలోపే కింది మెట్టు తగులుతుంది. తేలిక రూట్ అంటే పడినా ఫర్వాలేదని కాదు.

రాయి జాతి కూడా చూడాలి. స్కాట్లాండ్‌లోని స్కై దీవి కొండల్లో గ్యాబ్రో అనే రాయి గరుకుగా ఉండి తడిలోనూ పట్టు ఇస్తుంది, దాని మధ్యలో వచ్చే బసాల్ట్ పట్టీలు మాత్రం బాగా జారతాయి. అరిగిన సున్నపురాయి తడిస్తే సబ్బే. ఇసుకరాయి మీదికి అసలు వెళ్లకండి. నీళ్లు పీల్చుకుని మెత్తబడుతుంది, పట్లు విరుగుతాయి, పెట్టిన గేర్ ఊడొస్తుంది. జర్మనీలోని శాక్సన్ స్విట్జర్లాండ్‌లో తడి ఇసుకరాయి ఎక్కడాన్ని నిబంధనలే ఒప్పుకోవు. ఏ రాయైనా సరే, పాకుడు పట్టి ఉంటే వదిలేయండి.

సామాను గురించి రెండు మాటలు. తడిసి, బురద పట్టిన పగులులో క్యామ్ (పగులులో స్ప్రింగుతో విచ్చుకుని పట్టే గేర్) కన్నా బాగా కూర్చున్న నట్‌నే (పగులులో ఇరికించే లోహపు దిమ్మనే) నమ్ముతాను. పెద్ద మెట్లున్న రూట్లో క్లైంబింగ్ షూ కన్నా గట్టి అడుగున్న బూట్లు హాయి. తడిసిన నైలాన్ రోప్ బరువెక్కుతుంది, బలం కూడా తగ్గుతుంది. డ్రై ట్రీట్‌మెంట్ (నీళ్లు పీల్చకుండా చేసే పూత) ఉన్నది తీసుకోండి. వెనక్కి దిగాల్సి వస్తే వదిలేయడానికి పాత స్లింగులు (పట్టీ ఉచ్చులు), ఒకటి రెండు క్యారబినర్లు (మూసుకునే లోహపు కొక్కేలు) బ్యాగ్‌లో ఉండాలి.

నిర్ణయం మాత్రం మొదటి పిచ్ పైనే తీసుకుంటాను. అక్కడి నుంచి ఒక్క అబ్‌సీల్‌తో, అంటే రోప్ మీద ఒకసారి జారి దిగితే, నేల మీద ఉంటాం. ఇద్దరికీ వేళ్లు వెచ్చగా ఉండి, అడుగు పెట్టిన చోట కాలు నిలుస్తుంటే రెండో పిచ్‌కి వెళ్తాం. ఒక్కరు తటపటాయించినా అక్కడే రోప్ కిందికి వదులుతాం.