చెదిరిన మనసు ఎక్కడికి తిరిగి రావాలి? నాలుగు మౌనధ్యాన పద్ధతుల్లో ఏది మేలు?

బైబిల్ వాక్యం చదివాక కాసేపు మౌనంగా దేవుని సన్నిధిలో కూర్చోవాలనుకునేవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. లెక్సియో దివినా (దైవపఠనం), జెస్యూట్ సభ స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన ఊహాధ్యానం, యేసు ప్రార్థన, సెంటరింగ్ ప్రార్థన: వీటిలో దేనితో మొదలుపెట్టాలి? అడిగేవారిలో కతోలికులూ ఉంటారు, ప్రొటెస్టంట్లూ ఉంటారు. ధ్యానం ఎందుకన్నది వాళ్ల సందేహం కాదు. యేసే ఇంకా చీకటి ఉండగా లేచి, అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడని వాళ్లకు తెలుసు. కూర్చున్నాక ఏం చేయాలన్నదే చిక్కు.

ఈ పద్ధతులను పోల్చేటప్పుడు కొందరు చరిత్ర చూస్తారు, కొందరు తమ సంఘం ఒప్పుకుంటుందా అని చూస్తారు, కొందరు ఎంత సమయం పడుతుందో లెక్క వేసుకుంటారు. నేను చూసేది మరొకటి. ఏ పద్ధతిలో కూర్చున్నా కొద్ది నిమిషాల్లో మనసు జారుకుంటుంది. కట్టాల్సిన బిల్లు, నిన్న ఎవరో అన్న మాట, రేపటి ప్రయాణం. జారడంలో పెద్ద తేడా ఏమీ ఉండదు. జారిన మనసును ఆ పద్ధతి ఎక్కడికి తీసుకొచ్చి నిలబెడుతుందన్నదే నా దృష్టిలో అసలు విషయం.

ఒకే వాక్యభాగాన్ని పట్టుకుని చూద్దాం. మార్కు సువార్త 10వ అధ్యాయం, 46 నుంచి 52 వరకు, గ్రుడ్డివాడైన బర్తిమయి కథ. దారి పక్కన బిచ్చమెత్తుకునే అతను, యేసు వస్తున్నాడని విని ‘దావీదు కుమారుడా యేసూ, నన్ను కరుణింపుము’ అని కేకలు వేస్తాడు. గుంపు గద్దించినా మానడు. యేసు ఆగి, పిలిపించి, చూపు ఇస్తాడు.

లెక్సియో దివినా సన్యాసుల మఠాల్లో పెరిగిన పద్ధతి. 6వ శతాబ్దంలో బెనెడిక్టు రాసిన నియమావళి మఠవాసుల దినచర్యలో దైవపఠనానికి వేళలు కేటాయించింది. 12వ శతాబ్దంలో ఏకాంతంలో బతికే కార్తూసియన్ సన్యాసుల మఠాధిపతి రెండవ గీగో దీన్ని నాలుగు మెట్లుగా చెప్పాడు: పఠనం, మననం, ప్రార్థన, నిశ్చల ధ్యానం. చదవడమంటే ఆహారాన్ని నోట పెట్టుకోవడం, మననమంటే నమలడం, ప్రార్థన రుచిని రాబట్టడం, చివరిది ఆ తీపే అన్నాడు. చూడటానికి వరస మెట్లే గాని, ఆచరణలో ఎక్కడం దిగడం కలగలిసిపోతాయి.

ఆ ఏడు వచనాలనూ నెమ్మదిగా, పెదవులు కదిపి చదువుతారు. రెండోసారి చదివేటప్పుడు ఎక్కడో ఒకచోట చూపు ఆగుతుంది. ‘నేను నీకేమి చేయగోరుచున్నావు’ అని యేసు అడిగిన దగ్గర ఆగిందనుకుందాం. మొదట అనవసరమైన ప్రశ్నలా ఉంటుంది. గ్రుడ్డివాడు చూపు కాక ఇంకేం అడుగుతాడు? అయినా ఆయన అడిగాడు, వాడి నోటితో చెప్పనిచ్చాడు. మరోసారి చదివేసరికి ఆ ప్రశ్న బర్తిమయిని వదిలి మన వైపు తిరుగుతుంది. నన్నే అడిగితే ఏం చెబుతాను? నిజంగా కావలసింది చెబుతానా, చెప్పడానికి బాగుండేది చెబుతానా? అక్కడ మననం ప్రార్థన అవుతుంది. సరిగ్గా అప్పుడే బిల్లు గుర్తొస్తుంది. తిట్టుకోనక్కర్లేదు. ఆ వాక్యాన్ని మళ్లీ చదివితే చాలు. మనం ఎక్కడెక్కడో తిరిగి వచ్చినా అది అక్షరం మారకుండా అక్కడే ఉంటుంది.

నేను ఈ పద్ధతి వైపు మొగ్గడానికి కారణం ఇదే. తిరిగి వచ్చే చోటు మన మనఃస్థితి నుంచి పుట్టింది కాదు. ఓదార్పు కోసం కూర్చున్నవాడిని అది ప్రశ్నించవచ్చు, తనను తాను నిందించుకుంటూ కూర్చున్నవాడిని పిలవవచ్చు. మన ఇష్టాయిష్టాలతో దానికి పని లేదు. దీనికీ ఒక జబ్బు ఉంది. బోధించే అలవాటున్నవాళ్ల చేతిలో ఇది పది నిమిషాల్లో ప్రసంగం తయారీ అయిపోతుంది. మొదటి అంశం, రెండో అంశం, పక్క పుస్తకాల్లో రిఫరెన్సులు. వ్యాఖ్యాన గ్రంథాలు మూసి పక్కన పెట్టండి. వాటికి వేరే వేళ ఉంది. అలాగని ముందువెనకలు చూడకుండా ఒక్క మాటను పీకి పట్టుకోవడమూ తగదు. అందుకే మొదటిసారి భాగమంతా చదవాలి.

ఇగ్నేషియస్ పద్ధతిలో అదే కథలోకి అడుగుపెడతారు. యెరికో నుంచి బయలుదేరే దారి, దుమ్ము, గుంపు చప్పుడు. ‘ఊరకుండుము’ అని బర్తిమయిని గద్దించిన జనంలో మనం ఎక్కడ నిలబడ్డాం? చాలామంది తాము గద్దించేవాళ్ల పక్కనే ఉన్నట్టు చూసి ఉలిక్కిపడతారు. వాడు బట్టను పారవేసి దిగ్గున లేచాడని మత్తయి, లూకా రాయలేదు, మార్కు ఒక్కడే రాశాడు. ఆ బట్ట ఎక్కడ పడింది, దాన్ని ఎవరు తొక్కారు అని చూస్తూ చూస్తూ, వదిలేయడానికి మనకు చేతకానిది ఏమిటో కనబడుతుంది. చివర స్నేహితుడితో మాట్లాడినట్టు ప్రభువుతో మాట్లాడమంటాడు ఇగ్నేషియస్. నాకు మహా ఇష్టమైన ఘట్టం అది. (ఈ కథలో మౌనం కోరింది గుంపు, యేసు ఆగింది కేకకు. కడుపులో దుఃఖం సుళ్లు తిరుగుతున్నవాళ్లు బలవంతాన మౌనంలో కూర్చోకుండా ముందు ఆ కేకే వేయడం మంచిది.)

చిక్కు ఎక్కడంటే, ఇక్కడ మనసు జారినట్టు తెలియదు. బిల్లు గుర్తొస్తే దారి తప్పామని తెలుస్తుంది. ఊహ మాత్రం దారి తప్పినా ధ్యానంలాగే ఉంటుంది. యేసు నోట మనకు కావలసిన మాటలే వినిపించడం మొదలైనా గమనించం. ఈ ప్రమాదం ఇగ్నేషియస్‌కు తెలుసు. 1521లో పాంప్లోనా కోటలో ఫిరంగి గుండు తగిలి మంచాన పడ్డప్పుడు ఆయన రెండు రకాల కలలు కన్నాడు: రాచకొలువులో పేరు తెచ్చుకోవడం ఒకటి, పునీతుల్లా బతకడం మరొకటి. సాగుతున్నంతసేపూ రెండూ హాయిగానే ఉన్నాయి. తర్వాత మొదటిది మనసును ఎండగట్టింది, రెండోది సంతోషాన్ని మిగిల్చింది. ఆ గమనిక మీదే ‘ఆధ్యాత్మిక సాధనలు’ అనే తన ధ్యాన క్రమాన్ని కట్టాడు. 1548లో పోపు మూడవ పౌలు వాటిని ఆమోదించాడు. అవి సుమారు 30 రోజులు ఒక మార్గదర్శి దగ్గర చేయడానికి ఉద్దేశించినవి. అలాంటి మనిషి దొరికితే ఈ పద్ధతి లెక్సియోకు ఏమాత్రం తీసిపోదు. ఒంటరిగా చేసేవాళ్లకైతే రెండో స్థానమే ఇస్తాను. కళ్లు మూసుకుంటే ఏ బొమ్మా కనబడని వాళ్లు కూడా ఉంటారు; అది విశ్వాసలోపం కాదు, వాళ్లు వేరే దారి చూసుకోవచ్చు.

యేసు ప్రార్థన తూర్పు (ఆర్థడాక్స్) సంఘాలది. ‘ప్రభువైన యేసుక్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించుము.’ ఇందులో బర్తిమయి కేకా ఉంది, లూకా 18లో రొమ్ము కొట్టుకున్న సుంకరి ప్రార్థనా ఉంది. 14వ శతాబ్దంలో గ్రీసులోని ఆథోస్ కొండ సన్యాసుల ఈ సాధన మీద విమర్శలు వచ్చినప్పుడు, వాళ్లలో ఒకడైన గ్రెగరీ పలమాస్ దాని పక్షాన నిలిచి వాదించాడు. పలికినదే పలకడం మత్తయి 6:7లో యేసు వద్దన్న ‘వ్యర్థమైన మాటలు’ కాదా అని అడుగుతారు. గెత్సేమనేలో ఆయన ‘ఆ మాటలే చెప్పుచు’ మూడవమారు ప్రార్థించాడు. 136వ కీర్తన 26 వచనాల్లోనూ ఒకే పల్లవి ఉంది. మళ్లీ మళ్లీ పలకడంలో తప్పు లేదు, వ్యర్థంగా పలకడంలోనే ఉంది.

తిరిగి వచ్చే చోటు ఇక్కడ యేసు నామం. అంతకన్నా దగ్గరి చోటు లేదు. ఆసుపత్రి వరండాలో, నిద్రపట్టని రాత్రి, పుస్తకం తెరిచే ఓపిక లేనప్పుడు నేను ఎవరికైనా దీన్నే చెబుతాను, లెక్సియోను కాదు. కాకపోతే పెదవులు పలుకుతూనే ఉంటాయి కాబట్టి మనసు ఊరు దాటిపోయినా చాలాసేపు తెలియదు. శ్వాసతో కలిపి చేసే పద్ధతులను మాత్రం అనుభవజ్ఞుడి పర్యవేక్షణ లేకుండా ముట్టుకోకండి.

సెంటరింగ్ ప్రార్థన వీటిలో కొత్తది. 1970లలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో, స్పెన్సర్ ట్రాపిస్టు (కతోలిక సన్యాసుల) మఠంలో విలియం మెనింజర్, బాసిల్ పెన్నింగ్టన్, థామస్ కీటింగ్ దీన్ని రూపొందించారు. 14వ శతాబ్దపు ఆంగ్ల ధ్యానగ్రంథం ఒకటి దానికి ఆధారం. ఒక చిన్న పవిత్ర పదం ఎంచుకుని, రోజుకు రెండుసార్లు 20 నిమిషాల చొప్పున కూర్చుంటారు. ఆలోచన వచ్చినప్పుడల్లా ఆ పదం దగ్గరికి రావాలి గాని, దాని అర్థాన్ని మననం చేయకూడదు. నాకు కుదరనిది ఇదే. నేను తిరిగి వచ్చిన చోట ఎవరో ఒకరు నాతో మాట్లాడుతూ ఉండాలి. వాటికన్ విశ్వాస సిద్ధాంత విభాగం 1989లో క్రైస్తవ ధ్యానంపై విడుదల చేసిన లేఖ, ఇతర మతాల ధ్యాన పద్ధతులను క్రైస్తవం కాదన్న ఒక్క కారణంతో తోసిపుచ్చవద్దంటూనే, క్రైస్తవ ప్రార్థన దేవుడూ మనిషీ స్వేచ్ఛగా కలుసుకోవడమని గుర్తు చేసింది. న్యాయంగా చెప్పాలంటే, సెంటరింగ్ బోధకులు కూడా దీన్ని లేఖన ధ్యానానికి బదులుగా చేయమనలేదు, దానితోపాటే చేయమన్నారు. ఏళ్ల తరబడి వాక్యంలో నాని, ఇక మాటలు అడ్డమనిపించే దశకు వచ్చినవాళ్లకు ఇది సరిపోతుందేమో. కొత్తవాళ్లకు వద్దంటాను.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పను. ఫ్రాన్సులోని తైజే సమాజపు ప్రార్థనల్లోని మౌనం, క్వేకర్లనే ప్రొటెస్టంట్ శాఖవారి మౌనసభ బాగుంటాయి, అయితే వాటికి పదిమంది కావాలి. రాత్రి పడుకోబోయే ముందు చేసే ఆత్మపరిశీలన దేనికైనా జోడించుకోదగ్గది. రోజుకో పేజీ దినధ్యాన పుస్తకాలు చదవడానికి మంచివే, కానీ అక్కడ మననం రాసినవాళ్లే చేసి పెట్టేస్తారు.

లెక్సియోతో మొదలుపెట్టేవాళ్లు కంఠతా వచ్చిన 23వ కీర్తన జోలికి అప్పుడే పోకండి. కన్ను చదవకముందే నోరు పూర్తిచేసేస్తుంది. 131వ కీర్తన తీసుకోండి, మూడే వచనాలు. దాని మీద కొన్ని రోజులు గడిపాక బర్తిమయి దగ్గరికి రండి.